అటక ఎక్కిన వన్యప్రాణులు - గుర్తించే విధానం, చేపట్టవలసిన చర్యలు
(ప్రత్యేక వ్యాసం)

పాత పెంకుటిళ్లలోను, నగరాలలోని భవనాల ఫాల్స్ సీలింగ్‌లపైన, సజ్జలపైన వన్యప్రాణులు చేరడం సాధారణమైంది. చెట్ల తొర్రలు తగ్గిపోవడంతో చీకటిగా, పొడిగా, మనుష్య సంచారం లేకుండా ఉండే అటక వాటికి అనువైన ఆవాసమవుతోంది. రాత్రివేళ పైకప్పుపై వినవచ్చే చప్పుళ్లకు భయపడి విషం పెట్టడం, పొగబెట్టడం, కన్నాలను హడావుడిగా మూసివేయడం వలన ఆ ప్రాణులతోపాటు ఇంటివారు సైతం ఇబ్బందుల పాలవుతున్నారు. పైన ఉన్నది ఏ ప్రాణి అన్నది నిర్ధారించుకున్న తరువాతనే తదుపరి చర్య చేపట్టవలసి ఉంటుంది.

గుర్తించడం ఎలా?

చప్పుడు వినిపించే వేళ మొదటి ఆధారం. పగటిపూట పరుగులు వినిపిస్తే ఉడుతలుగా భావించవచ్చు. రాత్రివేళ సన్నని గీకుడు, కొరుకుడు వినిపిస్తే ఎలుకలు, పందికొక్కులు కావచ్చు. బరువైన అడుగుల చప్పుడు వినిపిస్తే మానుపిల్లి అయ్యే అవకాశం ఎక్కువ. తాటి, ఈత చెట్లకు కట్టిన కల్లు ముంతలలో మూతిపెట్టే అలవాటుగల ఈ జంతువు పండ్లు, ఎలుకలు, పురుగులు తిని జీవిస్తుంది. దీని పెంటలో పండ్ల గింజలు స్పష్టంగా కనిపిస్తాయి.

మానుపిల్లిని పలువురు పునుగుపిల్లిగా పొరబడుతుంటారు. తిరుమల శ్రీవారి అభిషేక సేవలో వినియోగించే పునుగు తైలం వలన తెలుగువారికి సుపరిచితమైన పునుగుపిల్లి వేరొక జాతి. అది ఎక్కువగా నేలపై సంచరిస్తుంది, దాని తోకపై నలుపు తెలుపు వలయాలు ఉంటాయి. మానుపిల్లి తోకకు వలయాలు ఉండవు. ముఖంపై ముసుగు వలె నల్లని చారలు ఉంటాయి. దీని పిల్లలను చిరుతపులి కూనలుగా భ్రమపడి ఆందోళన చెందడం కూడా కద్దు.

రాలిన రెట్టలను వేళ్లతో కాక పుల్లతో నలిపి చూడాలి. పొడిపొడిగా రాలి, పురుగుల రెక్కల ముక్కలు మెరుస్తూ కనిపిస్తే అవి గబ్బిలాలవి. ఎలుక పెంటికలు అలా పొడికావు. అటకపై ముగ్గుపిండి పలుచగా చల్లి ఉంచితే మరునాటికి అడుగుల గుర్తులు తెలుస్తాయి. పెంపుడు పిల్లి అడుగులో నాలుగు వేళ్లు, మానుపిల్లి అడుగులో ఐదు వేళ్లు ఉంటాయి.

గుర్తింపులో పొరపాటు ఎంతదూరం పోగలదో 2017లో విశాఖపట్నంలో వెల్లడైంది. నిర్మాణంలో ఉన్న భవనంలో కనిపించిన మూడు గుడ్లగూబ పిల్లల వీడియో, అవి గ్రహాంతరవాసులన్న వదంతితో దేశ విదేశాలలో ప్రచారమైంది. ఎలుకలను వేటాడి రైతుకు మేలుచేసే ఈ పక్షిని అశుభమని తరిమివేయడం సరికాదు.

చట్టం ఏమి చెబుతోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రక్షిత ప్రాణులను చంపడమే కాక, విషం పెట్టడం, ఉచ్చులు పన్నడం, పట్టుకోవడం, తరమడం, పక్షుల గూళ్లను, గుడ్లను చెరపడం సైతం వేటగానే పరిగణింపబడతాయి. 2022లో సవరించి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఉల్లంఘనలకు సాధారణంగా 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మొదటి షెడ్యూలులోని జంతువుల విషయంలో శిక్ష 3 నుండి 7 సంవత్సరాలు, జరిమానా 25 వేల రూపాయలకు తక్కువ కాకుండా ఉంటుంది. ఎలుకలను, పండ్లు తినే గబ్బిలాలను హానికర జీవులుగా పేర్కొన్న పాత 5వ షెడ్యూలు ఈ సవరణతో రద్దయింది. ప్రాణరక్షణకై సదుద్దేశంతో చేసిన చర్య నేరం కాదు. వన్యప్రాణి చేజిక్కినచో 48 గంటలలోగా సమీప పోలీసు స్టేషనుకు లేదా అధీకృత అధికారికి తెలియజేయాలి.

ఇంటివారు పాటించవలసినవి

అటకపై పిల్లలు ఉన్నవేమో ముందుగా చూడాలి. తల్లి ఆహారానికై వెళ్లిన సమయంలో కన్నం మూసివేస్తే పిల్లలు లోపల ఆకలితో మరణిస్తాయి, తల్లి పెంకులను పీకి లోనికి చొరబడేందుకు యత్నిస్తుంది. పిల్లలు ఉన్నట్లయితే అవి తల్లితో కలిసి తిరుగగలిగే వరకు వేచి ఉండడం ఉత్తమం. అత్యవసరమైతే అటవీ రేంజి కార్యాలయాన్ని సంప్రదించాలి.

పిల్లలు లేవని నిర్ధారణ అయిన తరువాత కన్నంలో కాగితాన్ని వదులుగా దూర్చి ఉంచాలి. రెండు మూడు రాత్రులు అది కదలకుండా ఉంటే లోపల ప్రాణి లేదని భావించి, గట్టి ఇనుప జాలీతో మూసివేయవచ్చు. కప్పుపైకి వంగిన కొమ్మలను నరికించడం, ఇంటి ఆవరణలో రాలిన పండ్లను, ఆహార వ్యర్థాలను తొలగించడం అవసరం. ఎలుకలు చేరిన చోటికి పాములు వస్తాయి కనుక ధాన్యం, పశుగ్రాసం అటకపై నిలువచేయరాదు. పాము కనిపిస్తే దానిని దూరం నుండి గమనిస్తూ, శిక్షణ పొందినవారిని పిలిపించాలి.

జంతువును పట్టి దూరప్రాంతంలో వదలడం పరిష్కారం కాదు. ఆహారం, నీరు ఎరుగని చోట అది బ్రతకడం కష్టం. కన్నం మూయని పక్షంలో దాని స్థానంలోకి మరొకటి వచ్చి చేరుతుంది.

ఆరోగ్య జాగ్రత్తలు

అటకను ఊడ్చే ముందు రెట్టలపై నీరు చిలకరించాలి. మాస్కు, చేతి తొడుగులు ధరించాలి. గబ్బిలాల రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకు, ఎలుకల మూత్రం ద్వారా సంక్రమించే లెప్టోస్పైరోసిస్ కాలేయానికి, మూత్రపిండాలకు హాని కలిగించగలవు. కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు బయటపడిన తరువాత రేబిస్ దాదాపు ప్రాణాంతకమే కనుక జాప్యం తగదు.

గ్రామ పంచాయతీ, పురపాలక సిబ్బందికి ఫిర్యాదు అందినప్పుడు ప్రైవేటు వ్యక్తులచే పట్టించక, అటవీ శాఖకు తెలియజేయాలి. ఫలానా మృగం సంచరిస్తోందన్న వార్త వెలువరించే ముందు పాత్రికేయులు అటవీ అధికారుల ధ్రువీకరణ పొందినట్లయితే, ఒక మానుపిల్లి కోసం ఊరంతా కర్రలు పట్టుకునే పరిస్థితి తప్పుతుంది.