పదవ తరగతి పిమ్మట సాంఘికశాస్త్రముల చదువు

ప్రతి యేట వేసవిలో పదవ తరగతి ఫలితములు వెలువడినంతనే సభ్యులు పలువురు సంఘ కార్యాలయమునకు వచ్చి, పిల్లవానిని ఏ గ్రూపులో చేర్పవలెనని మమ్ము అడుగుచుందురు. అడుగుటకు ముందే వారి మనస్సులో ఒక పంపకముండును: లెక్కలు వచ్చినవానికి ఎం.పి.సి., వైద్యుడు కాగోరువానికి బై.పి.సి., ఎందునకును కొఱగానివానికి హెచ్.ఇ.సి. ఈ పంపకము సరికాదని మా యభిప్రాయము.

ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రము అందఱకును తప్పనిది. ఇంటర్మీడియట్‌లోనే దారి చీలును. హెచ్.ఇ.సి. యనగా చరిత్ర, అర్థశాస్త్రము, పౌరశాస్త్రము, సి.ఇ.సి. యందు చరిత్రకు మాఱుగా వాణిజ్యశాస్త్రముండును.

ఇవి రైతుబిడ్డకెందుకని యడుగువారు మన సీమ కథనే తలచుకొందురుగాక. 1921వ సంవత్సరమున అడవిలో పశువులను మేపుకొనుటకు విధించిన పుల్లరిని పలనాటి రైతులు ధిక్కరించిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ యుద్యమమున చెఱసాలకేగిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు బారిష్టరు. ధైర్యము పల్లెలలో పుట్టినదే; చట్టము చదివి చెప్పగలవారు మాత్రము నాడు పల్లెలలో అరుదు.

నేటి సంగతి చూడుడు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదలిరి. కాలువ చివరి చేనికి నీరు రానప్పుడు అర్జీ యెవరికి వ్రాయవలెను? 1997 నాటి చట్టముచే ఏర్పడిన నీటి సంఘములకుగల యధికారములెవ్వి? ఒక యేడు ధర బాగుండెనని మఱుసటి యేడు అందఱును మిరపయే వేసినచో గుంటూరు యార్డులో ధర యేల పడిపోవును? ఇవి పౌరశాస్త్ర, అర్థశాస్త్రముల ప్రశ్నలే. మన మహాజనసభలో జమాఖర్చులు చదువుచుండగా తలయూపువారు పెక్కుమంది. ప్రశ్నించువారు ఇద్దఱో ముగ్గురో!

అయితే మెలకువ యవసరము. ఇంటర్‌లో సైన్సు విడిచినవానికి వైద్యము దొరకదు. బాపట్లలో చెప్పు వ్యవసాయ బి.యస్సి.యు దొరకదు. పైరుల తెగుళ్లమీదను పశువులమీదను మక్కువగల బిడ్డను బై.పి.సి.లోనే చేర్పవలెను. న్యాయశాస్త్రపు ఐదేండ్ల చదువునకు ఏ గ్రూపువారైనను లాసెట్ వ్రాయవచ్చును. గ్రూప్-1 వంటి సర్కారు పరీక్షలకు ఏ పట్టమైనను చాలును. అందలి ప్రశ్నలలో చరిత్ర, రాజ్యాంగము, ఆర్థిక విషయములకు పెద్ద భాగము కలదు.

ఆడపిల్లను పెండ్లివఱకు కాలక్షేపమునకని హెచ్.ఇ.సి.లో పడవేయువారిని మేము చూచియున్నాము. ఆ చదువు తేలికయని వారికెవరు చెప్పిరో తెలియదు. సంవత్సరములు, కారణములు, ఒప్పందములు క్రమము తప్పక వ్రాయుట బద్ధకస్థుల పని కాదు.

బిడ్డ మనస్సు తెలియుటకు మార్కుల పట్టిక యొక్కటే చాలదు. వార్తాపత్రికలో ఏ పుట ముందు తీయునో, పటమును చూచి ఊళ్లు వెదకుట యందు సరదా గలదో లేదో గమనింపుడు. పిమ్మట నరసరావుపేటకైనను, మాచర్లకైనను, గురజాలకైనను బిడ్డను వెంటబెట్టుకొని పోయి, ఆ కళాశాలలో ఆ గ్రూపు నిజముగా నడచుచున్నదా, చరిత్ర చెప్పు అధ్యాపకుడున్నాడా యని విచారించి, అటుపిమ్మటనే రుసుము చెల్లింపుడు.