క్రోటన్ కాని క్రోటన్

మీకు తెలుసా? జంషెడ్‌పూర్‌లో టాటానగర్ స్టేషన్‌ను ఆనుకుని ఉన్న బాగ్‌బేరాలోనైనా, శ్రీకాకుళంలోనైనా, ఇంటి ముందు కుండీల్లో ఎర్రగా, పచ్చగా మచ్చలు వేసుకుని పెరిగే క్రోటన్ మొక్క శాస్త్రం లెక్కలో క్రోటన్ కానే కాదు. దాని పేరు కోడియం వేరిగేటం. పుట్టిల్లు ఇండోనేషియా, మలేషియా, ఉత్తర ఆస్ట్రేలియా ప్రాంతాలు.

పేరు తారుమారు కావడం 1753 నాటి మాట. ఆ ఏడు వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని క్రోటన్ల వరుసలో వేశాడు. అంతకు చాలా ముందే ఇండోనేషియాలోని అంబోయినా దీవిలో కాపురముండి అక్కడి మొక్కల మీద పెద్ద గ్రంథం రాసిన రంఫియస్, స్థానికుల మాటను బట్టి కోడియం అన్నాడు. 1824లో జూసియో అనే వృక్షశాస్త్రవేత్త ఆ పేరునే ఖాయం చేశాడు. పుస్తకాలు దిద్దుకున్నాయి గానీ నర్సరీలు దిద్దుకోలేదు.

ఇంతకీ గ్రీకులో క్రోటన్ అంటే పిడుదు! పశువుల చెవుల్లో పట్టుకుని రక్తం తాగే పురుగు. ఆముదం గింజను అరచేతిలో పెట్టుకు చూడండి, పోలిక మీకే తెలుస్తుంది. గ్రీకులు ఆముదాన్నీ అలాగే పిలిచారు. దాని శాస్త్రనామం రిసినస్‌కు లాటిన్‌లో అర్థమూ పిడుదే. అందం కోసం పెంచుకునే మొక్కకు దక్కిన పేరు ఇదీ!

మరి అసలు క్రోటన్లు? వెయ్యికి పైగా జాతులున్నాయి. మనకు బాగా తెలిసింది నేపాళం; జంషెడ్‌పూర్‌లో జమాల్‌గోటా అంటే ఎవరైనా చెబుతారు. ఆయుర్వేదంలో విరేచనానికిచ్చే ఇచ్ఛాభేది రసంలో పడేది ఈ గింజే, అదీ శుద్ధి చేశాకే. పచ్చి గింజ తింటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొకటి దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన దేశమంతా పాకిన క్రోటన్ బోన్‌ప్లాండియానస్. రైలు కట్టల మీద, బంజర్లలో సన్నటి తెల్లపూల కంకులతో కనిపించే కలుపు మొక్క అది. పాపం, అసలు వారసుడికి నీళ్లు పోసేవాళ్లే లేరు.

మనవాళ్లు ఈ మాటను ఇంకా సాగదీశారు. ఆకు రంగురంగులుగా ఉంటే చాలు, అకాలిఫా అయినా, డ్రసీనా అయినా, కోలియస్ అయినా అన్నీ ‘క్రోటన్స్’. ఒక్క మొక్కయినా క్రోటన్సే! నాకిందులో తప్పేమీ కనిపించదు. వాడేవాళ్లకు అర్థమవుతున్నంత కాలం అది మంచి మాటే. కడియం నర్సరీలో మాత్రం పెట్రా అనో, గోల్డ్ డస్ట్ అనో రకం పేరు చెబితే కోరిన మొక్క చేతికొస్తుంది. జాగ్రత్తపడాల్సింది ఒక్కచోటే: ‘క్రోటన్ నూనె’ అని ఎక్కడైనా చదివితే అది నేపాళం నూనె, కుండీలో మొక్కది కాదు.

అలాగని కుండీ మొక్క పూర్తి సాధువేమీ కాదు. కొమ్మ కత్తిరిస్తే కారే రసం కొందరికి చర్మం మీద దురద పుట్టిస్తుంది, బట్టల మీద మరక పడుతుంది. ఆకుల్లో రంగు వెలిసి ఉత్త ఆకుపచ్చ మిగులుతోందంటే ఎరువు తక్కువైందని కంగారుపడకండి, ముందు ఎండ తగిలే చోటికి జరిపి చూడండి.