తెలుగు పాఠ విశ్లేషణకు పైథాన్ ప్యాకేజీల స్థాపన: ఆధార లైబ్రరీల లోపం – నిర్ధారణ, పరిష్కారం

వ్యాససంగ్రహం:
తెలుగు పాఠాలను పైథాన్ భాషతో విశ్లేషించే పరిశోధకులకు తరచుగా ఎదురయ్యే ఆటంకం ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాకపోవడం. డిపెండెన్సీలుగా వ్యవహరించే ఆధార లైబ్రరీలు కంప్యూటరులో లేకపోవడం దీనికి ఒక ముఖ్య కారణం. పై-ఐసీయూ ప్యాకేజీని ఉదాహరణగా తీసుకొని, ఆ లోపాన్ని గుర్తించి సరిచేసే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పైథాన్, డిపెండెన్సీ, ఐసీయూ, యూనికోడ్, అక్షర విభజన.

1. ప్రవేశిక:
బాపట్ల జిల్లాలోని మండలకేంద్రం 'పిట్టలవానిపాలెం' పేరులో పి, ట్ట, ల, వా, ని, పా, లెం అని 7 అక్షరాలున్నాయి. పైథాన్‌లోని 'లెన్' ప్రమేయం మాత్రం 15 అని చూపుతుంది. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న కూడా విడి యూనికోడ్ సంకేతాలే కావడం ఇందుకు కారణం. అక్షర విభజనకు ఐసీయూ అనే లైబ్రరీ ఉపకరిస్తుంది. సి, సి++ భాషలలో రూపొందిన ఆ లైబ్రరీని పైథాన్‌తో అనుసంధానించేది పై-ఐసీయూ. బహుభాషా విశ్లేషణకు వాడే పాలీగ్లాట్ ప్యాకేజీ కూడా దీనిపై ఆధారపడుతుంది.

2. ఆధారాల స్థాయులు:
ఆధారాలు రెండు స్థాయులలో ఉంటాయి. పైథాన్ ప్యాకేజీలను 'పిప్' తానే తెచ్చుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెందిన లైబ్రరీలను, కంపైలరును అది తేలేదు. 'పిప్ చెక్' ఆదేశం మొదటి స్థాయిని మాత్రమే పరిశీలిస్తుంది.

3. లోప నిర్ధారణ:
దోష సందేశంలోని చివరి వాక్యం సాధారణంగా వైఫల్యాన్ని ప్రకటిస్తుందే గాని కారణం చెప్పదు. కారణం కోసం పైన మొదట కనిపించే దోషాన్ని చదవాలి.

అ) నిర్మాణ దశ: హెడర్ ఫైలు గాని, 'పికేజీ-కాన్ఫిగ్' గాని లేదన్న సందేశం రావచ్చు. ఉబుంటులో 'లిబ్-ఐసీయూ-డెవ్', 'పైథాన్3-డెవ్', 'పికేజీ-కాన్ఫిగ్', సి++ కంపైలరు స్థాపించి మళ్లీ ప్రయత్నించాలి.

ఆ) దిగుమతి దశ: 'ఐసీయూ' మాడ్యూల్ లేదన్న సందేశం వస్తే స్థాపించవలసిన ప్యాకేజీ పేరు 'పై-ఐసీయూ'. మాడ్యూల్ పేరు, ప్యాకేజీ పేరు ఒకటే కానక్కరలేదు. పిప్ వేరొక పైథాన్‌కు చెందినదైనా ఇదే సందేశం వస్తుంది. అందువల్ల విశ్లేషణకు వాడే పైథాన్ ద్వారానే పిప్‌ను నడపాలి.

ఇ) సిస్టమ్ నవీకరణ తరువాత: అంతకుముందు పనిచేసిన ప్యాకేజీ పాత సంచిక ఐసీయూ ఫైలును వెదికి విఫలం కావచ్చు. పిప్ దాచుకున్న పాత నిర్మాణాన్ని వాడనీయకుండా ప్యాకేజీని తిరిగి నిర్మించాలి.

4. పరిశోధన ఫలితాలపై ప్రభావం:
లోపం తీరినంత మాత్రాన సమస్య ముగియదు. యూనికోడ్ పాత ప్రామాణిక నియమం ప్రకారం 'ట్ట' రెండుగా విడిపోయి, పై పేరు 8 భాగాలయ్యేది. 2023లో వెలువడిన 15.1 సంచిక తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయని నియమాన్ని చేర్చింది. దాని ప్రకారం లెక్క 7. అంటే ఆధార లైబ్రరీ అనుసరించే నియమాన్ని బట్టి అక్షర గణన మారవచ్చు. ఛందస్సు, అక్షర పౌనఃపున్యం వంటి అంశాలలో ఈ భేదం నిర్ణయాలనే మార్చగలదు.

5. ముగింపు:
ఆధార లోపాన్ని స్థాయి, దశల వారీగా గుర్తిస్తే పరిష్కారం సులభమవుతుంది. 'పిప్ ఫ్రీజ్' ఇచ్చే జాబితాలో ఐసీయూ సంచిక ఉండదు కనుక, దానిని విడిగా సిద్ధాంత గ్రంథంలో నమోదు చేయాలి. అప్పుడే మరొక పరిశోధకుడు ఆ ఫలితాన్ని పునఃపరీక్షించగలడు.