బంగారు గని ఆయుర్దాయం: కోలారు, హట్టి గనుల అనుభవం

ఖనిజ రంగంలో పనిచేస్తున్న మనందరికీ ఒక విషయం విదితమే. గని కర్మాగారం వంటిది కాదు. కర్మాగారంలో ముడిసరుకు నిండుకుంటే మరొక చోటి నుండి తెప్పించుకోవచ్చును. గనిలో ముడిసరుకే గని. తవ్వి తీసిన ప్రతి టన్నుతోనూ దాని ఆయుష్షు కొంత తరుగుతూనే ఉంటుంది. అయినప్పటికీ ఒకే రాష్ట్రంలో, ధార్వార్ శిలలని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే ఒకే తరహా రాళ్లలో నడచిన రెండు బంగారు గనులలో ఒకటి 2001లో మూతపడినది, మరొకటి నేటికీ పనిచేస్తున్నది. మొదటిది కోలారు, రెండవది రాయచూరు జిల్లాలోని హట్టి. ఈ తేడా కేవలం అదృష్టం వల్ల వచ్చినది కాదు. అట్లని అంతా యాజమాన్య దక్షత వల్లనే వచ్చినదనుట కూడా సరికాదు. రెండింటి పాలు ఎంతెంత అన్నది పరిశీలించుటే ఈ వ్యాసం ఉద్దేశం.

కోలారు ప్రాంతంలో బంగారం ఉన్నదని 1802లో సర్వేకు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ నమోదు చేశాడు. 1880 నుండి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలోకి దిగిన తరువాతనే అసలైన గని వెలసినది. ఆ గనులకు విద్యుత్తు అందించుట కొరకే 1902లో కావేరిపై శివసముద్రం జలవిద్యుత్ కేంద్రం నెలకొన్నది. సుమారు 147 కిలోమీటర్ల తీగ మార్గం వేసి విద్యుత్తును కోలారుకు చేర్చారు. దీపాలు లేని పల్లెల మీదుగా ఆ తీగ గనికి పోయినదన్నది గమనార్హం. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసినది. 1962లో అవి కేంద్ర ప్రభుత్వానికి చేరినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. మొత్తం మీద నూట ఇరవై ఏళ్లలో ఈ గనులు దేశానికి ఇచ్చిన బంగారం సుమారు 800 టన్నులు.

తొలినాళ్లలో టన్ను రాతికి 40 గ్రాములకు పైబడి లభించిన బంగారం చివరి దశలో 3 గ్రాముల దరికి దిగజారినది. మరొక వైపు లోతు పెరుగుతూ పోయినది. ఛాంపియన్ రీఫ్ గని సుమారు 3,200 మీటర్ల లోతుకు చేరి ప్రపంచంలోని అతి లోతైన గనులలో ఒకటిగా పేరొందినది. ఆ లోతులో శిల వేడి 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. చల్లని గాలి పంపనిదే మనిషి నిలువలేడు. పైనున్న శిలాభారానికి తాళలేక రాయి ఉన్నట్టుండి బద్దలై ఎగిరిపడే రాక్ బరస్టులు కోలారు కార్మికులకు నిత్యభయం. స్టోపులలో గ్రానైటు గోడలు కట్టి, తరువాతి కాలంలో కాంక్రీటు నింపి ఈ ప్రమాదాన్ని అదుపు చేయుటకు ఇంజనీర్లు దశాబ్దాల పాటు శ్రమించారు. 1988లో జాతీయ శిలా యాంత్రిక శాస్త్ర సంస్థ అక్కడే నెలకొనుట ఆ అనుభవానికి గుర్తింపు. అంత లోతు శాస్త్రజ్ఞులకు వేరొక విధంగా ఉపకరించినది. వాతావరణ న్యూట్రినోలను తొలిసారిగా పట్టుకున్న ప్రయోగాలలో ఒకటి 1965లో ఆ గనిలోనే జరిగినది.

ఇక లెక్కకు వద్దాము. గని ఖర్చులో రెండు భాగాలు ఉంటాయి. తవ్విన కొద్దీ పెరిగేది ఒకటి: పేలుడు పదార్థాలు, డ్రిల్లు బిట్లు, మిల్లులోని ఉక్కు గుండ్లు, సైనైడు. తవ్వినా తవ్వకున్నా ఆగనిది మరొకటి: నీరు తోడే పంపులు, గాలి పంపే ఫ్యానులు, షాఫ్టు నిర్వహణ, భద్రతా సిబ్బంది, ఆసుపత్రి, బడి. ఆగని ఖర్చు ఏడాదికి 100 కోట్ల రూపాయలనుకొందాము. ఏటా 5 లక్షల టన్నులు తీసే గనిలో అది టన్నుకు 2,000 రూపాయలు. ఉత్పత్తి 2 లక్షల టన్నులకు పడిపోతే అదే ఖర్చు టన్నుకు 5,000 రూపాయలవుతుంది. కార్మికుడు తన పని ఏమాత్రం తగ్గించకపోయినా, పైన ఏ అధికారీ దుబారా చేయకపోయినా, టన్నుపై పడే ఆగని ఖర్చు రెండున్నర రెట్లు అయినట్లే. లోతు పెరిగి, పని స్థలాలు తగ్గిన పాత గనికి పట్టే జబ్బు ఇదే. కోలారు నష్టాలను సోమరితనానికి అంటగట్టిన వ్యాఖ్యలను మేము అంగీకరించలేము.

ధర కూడా కోలారుకు అనుకూలించలేదు. 1971 వరకు అంతర్జాతీయ అధికారిక ధర ఔన్సుకు 35 డాలర్లు. 1980 జనవరిలో అది 850 డాలర్లను తాకినది. కాని 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడే నాటికి ధర 270 డాలర్లకు లోపే ఉన్నది. అది రెండు దశాబ్దాలలో అత్యల్ప ధరలు నడచిన కాలం. తరువాతి ఏళ్లలో బంగారం ధర ఎట్లు ఎగబాకినదో పెళ్లి చేసిన ప్రతి తల్లిదండ్రులకూ తెలుసు. ధర తిరిగి వచ్చినది గాని గని తిరిగి రాలేదు. పంపులు ఆగిన గనిలో నీరు నిండుతుంది. నీట మునిగిన లెవెళ్లను తోడి, కూలిన దారులు సరిచేసి, షాఫ్టులు మళ్లీ నమ్మదగినవిగా చేయుటకు కొత్త గని తవ్వినంత వ్యయం కావచ్చును. బంగారు గనిని మూయుట సులభం, తెరచుట దుర్లభం.

హట్టి మార్గం

హట్టి కథ వేరు. అక్కడి ప్రాచీన తవ్వకాలు దాదాపు రెండు వేల ఏళ్ల నాటివని పాత కొయ్య ముక్కల పరీక్షలో తేలినది. ఆ ప్రాంతంలో బంగారం వెదుకుతూ తిరిగిన బీడన్ అనే ఇంజనీరుకే 1915లో మస్కి శాసనం కంటబడినది. అశోకుని పేరు చెక్కిన ఆ రాయి చరిత్ర పుస్తకాలను తిరగరాసినది. నాడు ఆ సీమ నిజాం ఏలుబడిలోనిది. 1920లో ఆగిపోయిన హట్టి గని కొరకు 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ ఏర్పడినది. రాష్ట్రాల పునర్విభజనతో రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలియగా 1956లో కంపెనీ పేరు హట్టి గోల్డ్ మైన్స్ అయినది. ప్రస్తుతం అది కర్ణాటక ప్రభుత్వ సంస్థ. దేశంలోని గనుల నుండి లభించే బంగారంలో అత్యధిక భాగం ఇక్కడిదే.

హట్టికి ప్రకృతి చేసిన మేలు రెండు విధాలు. ఒకదానికొకటి సమాంతరంగా పలు రీఫులు ఉండుట మొదటిది. ఒక రీఫు పలచబడినపుడు మరొక దానిపై తవ్వకం సాగించవచ్చును. లోతు కోలారులో మూడవ వంతుకు మించకుండుట రెండవది. యాజమాన్యం చేసిన మేలు ఏమనగా, దూరంగా ఉన్న ఊటి, హీరా-బుద్దిన్ని వంటి చిన్న నిక్షేపాల నుండి ఖనిజాన్ని హట్టి మిల్లుకు తరలించుట. ఊటి వంటి చిన్న నిక్షేపం తనకంటూ ఒక మిల్లు, ఒక ప్రయోగశాల, ఒక వ్యర్థాల ఆనకట్ట కట్టుకోలేదు. ఉన్న మిల్లుకే ఖనిజం చేరితే ఆ ఆగని ఖర్చు ఎక్కువ టన్నుల మీదికి పంచబడుతుంది. పక్కనే ఉన్న చిన్న నిక్షేపాలను పెద్ద గనికి ఉపనదులవలె వాడుకొనుట ఆయుష్షు పెంచే మార్గాలలో అతి చవకైనదని మా అభిప్రాయం.

రెండవ మార్గం తవ్వకంలో శ్రద్ధ. ఒక మీటరు వెడల్పు గల రీఫులో టన్నుకు 6 గ్రాముల బంగారం ఉన్నదనుకొందాము. పేలుడు అదుపు తప్పి రెండు మీటర్లు విరిగిపడినదంటే సగం వట్టి రాయి. మిల్లుకు చేరేసరికి గ్రేడు 3 గ్రాములు. దీనినే గనివారు డైల్యూషన్ అంటారు. బంగారం ఒక్క గ్రాము కూడా పెరగలేదు. రాయి మాత్రం రెండింతలు పైకి లాగాలి, రెండింతలు నూరాలి, రెండింతలు వ్యర్థంగా పారబోయాలి. అందుచేత డ్రిల్లు రంధ్రం కోణాన్ని సరిచూసుకొనే కార్మికుడు ఆ పూట చేసిన ఆదా ఏ కార్యాలయపు పొదుపు ఉత్తర్వుకూ తీసిపోదు. నమూనాలు తీసే శాంప్లరు, గీతలు గీచే సర్వేయరు, భూగర్భ శాస్త్రజ్ఞుడు ముగ్గురూ ఉదయం ఒకచోట కూర్చొని మాట్లాడుకొనే గనిలో డైల్యూషన్ తక్కువగా ఉంటుంది.

మూడవది కట్-ఆఫ్ గ్రేడు. ఏ రాయి ఖనిజం, ఏది వ్యర్థం అన్నది శాశ్వతంగా నిర్ణయమైన విషయం కాదు. ఉదాహరణకు గ్రాముకు 6,000 రూపాయలు చేతికి వచ్చునని, టన్నుకు మొత్తం ఖర్చు 12,000 అని అనుకొంటే 2 గ్రాములకు తక్కువగా వచ్చే రాయి నష్టం. ఖర్చును 9,000కు దించగలిగితే ఒకటిన్నర గ్రాముల రాయి కూడా ఖనిజమవుతుంది. అంటే కొత్తగా ఏమీ కనుగొనకుండానే నిల్వలు పెరిగినవి. పొదుపు వల్ల లాభమొక్కటే కాదు, గనికి ఏళ్లు కూడా కలిసివస్తాయి. దీనికి విరుద్ధంగా, ఈ సంవత్సరపు లక్ష్యం చేరుటకు మంచి గ్రేడు రాతిని మాత్రమే ఏరి తవ్వి, నడుమ రకాన్ని వదలివేస్తే ఆ వదలిన రాయి మళ్లీ అందుబాటులోకి రాకపోవచ్చును. లక్ష్యం నెరవేరిన ఏడాది సన్మానాలు జరుగుతాయి. వదలిన రాతి లెక్క పదేళ్ల తరువాత వచ్చే వారి నెత్తిన పడుతుంది.

మిల్లులో ఒక్క శాతం విలువ ఎంతో కూడా చూడవచ్చును. 3 గ్రాముల గ్రేడుతో ఏటా 5 లక్షల టన్నులు నూరే మిల్లులోకి చేరే బంగారం 1,500 కిలోలు. రికవరీ ఒక్క శాతం పెరిగితే 15 కిలోలు అదనం. కొత్త షాఫ్టు అక్కరలేదు. సైనైడు ద్రావణంలో కరిగిన బంగారాన్ని పూర్వం జింకు పొడితో పట్టేవారు. నేడు అనేక మిల్లులలో ఉత్తేజిత బొగ్గుతో పడుతున్నారు. ఆ బొగ్గులో శ్రేష్ఠమైనది కొబ్బరి చిప్పలతో చేసినది. మన ఇళ్లలో పచ్చడి రుబ్బిన తరువాత పారవేసే చిప్ప బంగారాన్ని పట్టే వల అవుతున్నదంటే మన గృహిణులకు ఆశ్చర్యం కలుగవచ్చును.

దిబ్బల సంగతి

పాత మిల్లులు పట్టలేని బంగారం ఎక్కడికీ పోలేదు. అది వ్యర్థాల దిబ్బలలోనే ఉన్నది. కోలారులో ఇటువంటి దిబ్బలు పదమూడు, వాటిలో ఉన్నది సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల పొడి. టన్నుకు ఒక గ్రాముకు లోపే బంగారం ఉన్నప్పటికీ, నూరే ఖర్చు చాలవరకు అప్పుడే అయిపోయినందున, భూగర్భంలోకి దిగవలసిన అవసరం లేనందున అది లెక్కకు వచ్చే నిక్షేపమే. దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ పరిసరాలలోని పాత దిబ్బలను 1970ల చివరి నుండి నీటి ధారలతో కరిగించి తిరిగి శుద్ధి చేస్తున్నారు. కోలారు దిబ్బలపై తవ్వకానికి కేంద్రం చేసిన ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఆమోదం తెలిపినది.

ఈ దిబ్బలకు మరొక ముఖమున్నది. గాలికాలంలో లేచే తెల్లని దుమ్ము దిగువ కాలనీలలోని వంటపాత్రల మీద, పిల్లల ఊపిరితిత్తులలో చేరుతుంది. కనుక దిబ్బను తిరిగి నూరుట బంగారం కొరకే కాక, ఆ పొడిని సరియైన అడుగుపరచిన ఆనకట్టలోకి చేర్చి, పైన మన్ను కప్పి గడ్డి పెంచుటకు కూడా అవకాశం. సైనైడు విషయంలో భయం కన్న క్రమశిక్షణ మేలు. ద్రావణాన్ని సున్నంతో తగినంత క్షారంగా ఉంచినంత కాలం విషవాయువు వెలువడదు. ఆమ్లం తగిలితే ప్రమాదం. వాడిన నీటిని బయటకు వదలక తిరిగి మిల్లుకే పంపితే నీటి ఖర్చుతోపాటు సైనైడు ఖర్చు కూడా తగ్గుతుంది. వ్యర్థపు పొడిలో కొంత భాగాన్ని సిమెంటుతో కలిపి తవ్విన స్టోపులలో నింపితే పైన దిబ్బ చిన్నదగును, క్రింద పైకప్పు నిలుచును, అంతకు మునుపు ఆధారంగా వదలిన ఖనిజ స్తంభాలను కూడా తీయవచ్చును. రాయచూరు వంటి మెట్ట జిల్లాలో నీటి సంగతి చిన్నది కాదు.

మన దేశంలో గనికి మూసివేత ప్రణాళిక, దానికి తగిన ఆర్థిక హామీ తప్పనిసరి చేస్తూ 2003లో నిబంధనలు వచ్చినవి. అప్పటికి కోలారు మూతపడి రెండేళ్లయినది. కోలారుతో పాటే దాని అనుబంధ గనుల కథ కూడా ముగిసినది. అందులో నాటి అనంతపురం జిల్లాలోని రామగిరి ఒకటి. చిత్తూరు జిల్లాలోని చిగరగుంట, బిసానత్తం కూడా ఆ సంస్థ తవ్విన చోట్లే. సరిహద్దుకు ఆవల ఈవల తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలుగా ఆ గనులపై ఆధారపడి బ్రతికినవి. చిగరగుంట-బిసానత్తం బ్లాకును 2018లో జరిగిన వేలంలో ప్రభుత్వ రంగంలోని ఎన్.ఎం.డి.సి. దక్కించుకొన్నది. ఆ పాత బాయిల చుట్టూ ఉన్న పల్లెలలో ఈ వార్తను ఎంత ఆశతో విని ఉంటారో ఊహించవచ్చును.

కోలారులో ఆనాడు పని కోల్పోయినవారు మూడు వేలకు పైబడినవారు. పెద్దవారిలో అనేకులు అక్కడి క్వార్టర్లలోనే మిగిలిపోయారు. వారి కొడుకులు, కూతుళ్లు తెల్లవారుజామునే లేచి రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్లి, రాత్రి ప్రొద్దుపోయాక ఇల్లు చేరుతున్నారు. గని ఊరిలోనే ఉన్ననాడు షిఫ్టు సైరన్ విని పది నిమిషాలలో షాఫ్టు దగ్గరకు చేరేవారు.