ఇసుక నేలకు కంపోస్టు, కప్పు

సౌదీ అరేబియాలో ఎర్ర సముద్రపు ఒడ్డున యాన్బు నగరం ఉన్నది. 1975లో రాయల్ కమిషన్ ఏర్పడిన తరువాత అక్కడ పెద్ద పారిశ్రామిక నగరం లేచింది. మన పెద్దలు ఐదేళ్ళ ఒప్పందం మీద మారిషస్ చెరకు తోటలకు వచ్చినట్లే, నేటి తెలుగువారు ఒప్పందం మీద అక్కడికి వెళ్ళి పని చేస్తున్నారు. ఆ ఇసుకలో నాలుగు బెండ మొక్కలు, ఒక కరివేపాకు మొక్క పెరగాలంటే ఏమి చేయాలి?

నీళ్ళు పోస్తే మాత్రమే చాలదు. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి. పోసిన నీరు, దానితోపాటు ఎరువు, వేళ్ళకు అందకుండా క్రిందికి జారిపోతాయి. పైన మిగిలిన తడి ఎండకు ఆవిరై ఉప్పును వదిలిపోతుంది. కనుక నేల లోపల కంపోస్టు, నేల పైన కప్పు, రెండూ కావాలి.

వానలు ఎక్కువగా పడే చోట కంపోస్టును కుప్పగా వేస్తాము. ఎడారిలో కుప్ప త్వరగా ఎండిపోతుంది. అక్కడ మోకాలి లోతు గుంట మంచిది. ఆల్బర్ట్ హోవార్డ్ 1931లో ప్రకటించిన ఇండోర్ పద్ధతిలోనూ ఎండకాలానికి గుంట, వానకాలానికి కుప్ప అని ఉన్నది. ఎండుటాకులు రెండు మూడు వంతులు, కూరగాయల తొక్కలు ఒక వంతు పొరలుగా వేయాలి. ఖర్జూరపు మట్టలు త్వరగా కుళ్ళవు, వాటిని చిన్న ముక్కలుగా నరకాలి. మేక పెంట పాతబడినదైతే మేలు. ఊరగాయ, ఉప్పు వేసి వండిన కూర వేయరాదు. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉంటే చాలు. రెండు వారాలకొకసారి తిరగవేయాలి. మట్టివాసన వచ్చినప్పుడు ఎరువు సిద్ధమైనట్లు.

ఇక కప్పు. దీనిని ఆంధ్ర రైతులు ఆచ్ఛాదన అంటారు. చెరకు నరికిన తరువాత ఎండుటాకును వరుసల మధ్య పరచడం మనకు తెలిసినదే. అదే పని. మూడు నాలుగు అంగుళాల మందం పరచి, మొక్క మొదలు చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచాలి. లేకపోతే కాండం కుళ్ళుతుంది. నేల చల్లబడుతుంది, తడి నిలుస్తుంది, ఉప్పు పైకి రావడం తగ్గుతుంది.

ఇది చిన్న పెరళ్ళకే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి సాగుతున్న ప్రకృతి వ్యవసాయంలో ఆచ్ఛాదన ఒక ముఖ్యమైన అంగం. ఎర్ర సముద్రానికి ఆవల ఈజిప్టు ఎడారిలో 1977లో మొదలైన సెకెం సంస్థ కంపోస్టుతోనే ఇసుకను పొలం చేసింది. 2024లో గుల్బెంకియన్ బహుమతిని పంచుకున్నవారిలో ఈ రెండూ ఉన్నవి.

ఒక్క సంగతి మరువరాదు. వేడి దేశాలలో కంపోస్టు నేలలో త్వరగా కరిగిపోతుంది. ఏటేటా మళ్ళీ వేయాలి. ఒప్పందం ముగిసి ఒకరు వెళ్ళిపోతే, ఆ ఇంటికి తరువాత వచ్చినవారు గుంటను నింపుతూ ఉండాలి. అప్పుడే అది మట్టిగా నిలుస్తుంది.