వృద్ధుల మందుల నిర్వహణలో ఇంటి సంరక్షకులు

వృద్ధుల ఇంటనే నివసిస్తూ వారి స్నానం, ఆహారం, నడక మొదలైన నిత్యావసరాలను చూసుకొనే సహాయకులను ఇంటి సంరక్షకులు అంటారు. వాడుకలో వీరిని కేర్‌టేకర్లు అని, స్త్రీలైతే ఆయాలు అని కూడా పిలుస్తారు. వైద్యుడు రాసిన మందులను వృద్ధులు సరైన వేళకు, సరైన మోతాదులో తీసుకొనేలా చూడటం వీరి ముఖ్యమైన పనులలో ఒకటి. ఏ మందు వాడాలో నిర్ణయించే అధికారం సంరక్షకులకు లేదు. వైద్యుడు నిర్ణయించిన మందు తప్పిపోకుండా, రెట్టింపు కాకుండా చూడటమే వీరి బాధ్యత.

నేపథ్యం

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో 60 ఏళ్ళు పైబడినవారు సుమారు 10.4 కోట్లు, అనగా జనాభాలో 8.6 శాతం. వయసు పెరిగేకొద్దీ రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు, కీళ్ళవాతం వంటివి ఒకే మనిషిలో కలిసి రావడం సాధారణం. రోజూ ఐదు లేదా అంతకంటే ఎక్కువ రకాల మందులు వాడటాన్ని బహుళ ఔషధ వినియోగం అంటారు. దీర్ఘకాలిక వ్యాధులున్నవారిలో అభివృద్ధి చెందిన దేశాలలో సైతం సగం మంది మాత్రమే మందులను చెప్పినట్లు వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదికలో పేర్కొన్నది. మందుల పొరపాట్లను తగ్గించడానికి ఇదే సంస్థ 2017లో ఒక ప్రపంచవ్యాప్త కార్యక్రమాన్ని ప్రారంభించింది.

పారిశ్రామిక ప్రాంతాలలో పరిస్థితి

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని చిట్కుల్ పరిసరాలలో పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలు ఉన్నాయి. 2016కు ముందు ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో ఉండేది. కర్మాగారాలలో పని షిఫ్టుల వారీగా జరుగుతుంది. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగస్తులైన ఇంట్లో వారి పనివేళలు వారం వారం మారుతుంటాయి. పెద్దవారి మందు వేళలు మాత్రం మారవు. పొద్దుటి గోలీ ఎవరు ఇచ్చారో రాత్రి ఇంటికి వచ్చినవారికి తెలియకపోతే ఆ గోలీ తప్పిపోవడమో, రెండుసార్లు పడటమో జరుగుతుంది.

మందులు పలుచోట్ల నుండి రావడం మరొక చిక్కు. ఈఎస్ఐ పథకంలోని ఉద్యోగిపై ఆధారపడిన తల్లిదండ్రులకు ఆదాయ పరిమితికి లోబడి వైద్యసదుపాయం ఉంటుంది. ఈ ప్రాంతానికి దగ్గరలో రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్నది. అదే వృద్ధురాలు ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ మందు, ప్రైవేటు వైద్యుని వద్ద మోకాళ్ళ నొప్పి మందు, వీధి చివరి మందుల షాపులో గ్యాస్ మాత్ర తీసుకొనవచ్చును. ఒకరు రాసినది మరొకరికి తెలియదు. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఇంటికి చేరితే రెండు వేరు మందులని భ్రమించి రెండూ వేసుకొనే ప్రమాదం ఉన్నది. అన్ని చీటీలను, అన్ని మందులను ఒకచోట చూసే అవకాశం చాలాసార్లు సంరక్షకులకే ఉంటుంది.

మందుల చీటీ

చీటీలు సాధారణంగా ఆంగ్లంలో ఉంటాయి. సంరక్షకులు ఒడిశా, బీహార్ వంటి రాష్ట్రాలవారైతే తెలుగు కూడా చదవలేకపోవచ్చు. అందువలన చీటీలోని గుర్తులను కుటుంబసభ్యులు గానీ, ఫార్మసిస్టు గానీ మొదటిరోజే వివరించవలెను.

- 1-0-1: ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి
- ఓడి: రోజుకు ఒకసారి
- బిడి: రోజుకు రెండుసార్లు
- టిడిఎస్: రోజుకు మూడుసార్లు
- హెచ్‌ఎస్: పడుకొనే ముందు
- ఎస్ఓఎస్: అవసరమైనప్పుడు మాత్రమే

మందుల అసలు పేర్లను, అనగా జనరిక్ పేర్లను, స్పష్టంగా రాయవలెనని 2016లో భారత వైద్య మండలి నిబంధనలను సవరించింది. రెండు డబ్బాలపై ఒకే జనరిక్ పేరు కనిపిస్తే రెండూ ఇచ్చే ముందు వైద్యుని అడగాలి.

రోజువారీ పద్ధతి

సరైన వ్యక్తి, సరైన మందు, సరైన మోతాదు, సరైన వేళ, సరైన మార్గం అనే ఐదు అంశాలను ప్రతిసారీ సరిచూసుకొనడం నర్సింగ్ విద్యలో నేర్పే పద్ధతి. ఇంటి సంరక్షకులకూ ఇదే వర్తిస్తుంది. వారానికి సరిపడే మందులను రోజులు, పూటల వారీగా గళ్ళపెట్టెలో సర్దుతారు. తెలంగాణ ప్రభుత్వం 2022లో బీపీ, మధుమేహ రోగులకు పంపిణీ ప్రారంభించిన కిట్లు కూడా ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మందులను విడివిడిగా ఉంచుకొనే విధంగా రూపొందించినవే. చదువురానివారికి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసిన కవర్లు ఉపయోగపడతాయి.

మందు మింగిన వెంటనే ఒక నోటుపుస్తకంలో తేదీ, వేళ గుర్తుపెట్టాలి. ముందుగానే రాసి ఉంచరాదు. ఒక పూట తప్పితే తరువాతి పూట రెండు మాత్రలు ఇవ్వరాదు. తప్పిన సంగతి రాసి, ఏమి చేయాలో వైద్యుని లేదా ఫార్మసిస్టును అడగాలి. షిఫ్టు ముగించుకొని వచ్చిన కుటుంబసభ్యులకు ఈ పుస్తకమే సాక్ష్యం.

ఆహారానికి, మందుకు గల సంబంధం కూడా తెలిసి ఉండాలి. థైరాయిడ్ మాత్రను పరగడుపున నీళ్ళతో ఇస్తారు. కాల్షియం, ఐరన్ మాత్రలకు దానికి కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. ఎముకల బలానికి వాడే అలెండ్రోనేట్ మింగిన తరువాత అరగంట పాటు పడుకొనరాదు.

తరచు జరిగే పొరపాట్లు

- వారపు మందును రోజూ ఇవ్వడం: కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్‌ను సాధారణంగా వారానికి ఒకసారి మాత్రమే ఇస్తారు. రోజూ వేస్తే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. ఈ మందును వారం పేరు రాసి విడిగా ఉంచాలి.
- తినకుండా మధుమేహ మందు వేయడం: గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకొన్నవారు భోజనం మానితే చక్కెర పడిపోతుంది. ఏకాదశి, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలకు ముందే వైద్యుని సంప్రదించాలి.
- మాత్రను పొడి చేయడం: మింగలేరని కొన్ని మాత్రలను నలిపితే రోజంతా మెల్లగా విడుదల కావలసిన మందు ఒక్కసారిగా ఒంట్లో చేరుతుంది.
- నొప్పి మందులు కలపడం: రక్తం పలుచబడే మందులు వాడేవారికి షాపులో కొన్న నొప్పి మాత్రలు ఇస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు.
- బాగున్నదని ఆపివేయడం: బీపీ అదుపులో ఉన్నది మందు వలననే కావచ్చు.

వృద్ధుల అంగీకారం

మందు వద్దనే హక్కు వృద్ధులకు ఉన్నది. చేదు, వికారం, మాటిమాటికీ మూత్రం రావడం వంటి కారణాలను అడిగి తెలుసుకొని వైద్యునికి తెలిపితే మందు గానీ, వేళ గానీ మార్చే వీలుంటుంది. వారికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టడం సంరక్షకులు సొంతంగా చేయదగిన పని కాదు. పెద్దవారు రాత్రులు అల్లరి చేస్తున్నారని నిద్రమాత్ర అదనంగా ఇవ్వడం అపాయకరం. దీనివలన పడిపోయి తుంటి ఎముక విరగడం, స్పృహ తప్పడం జరుగవచ్చును.

అత్యవసర పరిస్థితులు

చెమటలు, వణుకు, తికమక కనిపించి చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే, స్పృహలో ఉన్నవారికి మూడు చెంచాల గ్లూకోజు లేదా పంచదార కలిపిన నీరు ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఆసుపత్రికి మందుల పెట్టెను, నోటుపుస్తకాన్ని వెంట తీసుకొనిపోవాలి. వృద్ధుల సమస్యలకు 14567 సహాయ సంఖ్య ఉన్నది.

నిల్వ మరియు మిగిలిన మందులు

తెరవని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టిన దానిని వాడరాదు. మందులను వంటగది వేడికి, స్నానాలగది తేమకు దూరంగా ఉంచాలి. ఆపివేసిన మందులను పెట్టెలో నుండి అదేరోజు తీసివేయాలి.

పాత మందులను మోరీలో పారవేయకపోవడానికి పటాన్‌చెరు ప్రాంతానికి ప్రత్యేక కారణమున్నది. ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. అది ఔషధ కర్మాగారాల వ్యర్థం. ఇళ్ళ నుండి పోయే మందు దానితో పోలిస్తే బహుస్వల్పమైనా, మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరగడానికి యాంటీబయోటిక్ ఏ దారిన నీటిలో కలిసినా తోడ్పడగలదు. 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ గడువు తీరిన మందుల పారవేతపై మార్గదర్శకాలు వెలువరించింది.

ఇవి కూడా చూడండి

- మధుమేహం
- రక్తపోటు
- పటాన్‌చెరు
- తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ మరియు సంక్షేమ చట్టం, 2007