చిగుళ్ళ జబ్బుకు లేజర్ చికిత్స: ఎంతవరకు అవసరం?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు కొత్త కాదు. చిన్నతనంలో తాగిన ఫ్లోరైడ్ నీళ్ళే దీనికి ముఖ్య కారణం. ఆ మచ్చలు పంటి పింగాణీలోనే ఉంటాయి కాబట్టి ఎంత తోమినా పోవు. కాని చిగురు అంచున పేరుకునే గారను కూడా ఫ్లోరైడ్ మచ్చే అనుకుని వదిలేస్తే పళ్ళకే ముప్పు.

జబ్బు ఎలా ముదురుతుంది?

రోజూ పంటి మీద చేరే పాచిని శుభ్రం చేయకపోతే గట్టిపడి గార అవుతుంది. చిగుళ్ళు వాచి, తోముకునేటప్పుడు రక్తం వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురుకూ పంటికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లకు మించదు. జబ్బు ముదిరితే ఆ సందు లోతవుతుంది, లోపలి ఎముక కరుగుతుంది, పళ్ళు కదులుతాయి. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి చాలామంది ఆలస్యంగా వస్తారు. పొగతాగేవారికి, షుగర్ అదుపులో లేనివారికి ప్రమాదం ఎక్కువ.

అసలు చికిత్స ఏది?

ఆపరేషన్ లేకుండా, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిగురు లోపల వేరు మీది గారను తీసి నునుపు చేస్తారు. "గార తీయిస్తే పళ్ళు వదులవుతాయి" అన్నది అపోహ. వాపు తగ్గడం వల్ల, గార పోవడం వల్ల సందులు కనబడతాయి, అంతే. కొన్నాళ్ళు పళ్ళు జివ్వుమనవచ్చు.

మరి లేజర్?

క్లీనింగ్ తర్వాత సన్నని తీగ వంటి కొనను సందులోకి పంపి, డయోడ్ లేజర్ కాంతితో సూక్ష్మక్రిములను తగ్గించే ప్రయత్నం చేస్తారు. మరో పద్ధతిలో ముందు రంగుమందు వేసి, తక్కువ శక్తి గల కాంతి ప్రసరింపజేస్తారు. డయోడ్ లేజర్ గట్టి గారను తీయలేదు. అందుకే అది క్లీనింగ్‌కు తోడే గాని బదులు కాదు.

ఆ తోడు కూడా తప్పనిసరి కాదు. 2015లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ రంగుమందుతో చేసే పద్ధతికి మాత్రమే, అదీ బలహీనంగా, మద్దతు తెలిపింది. 2020లో యూరప్ చిగుళ్ళ నిపుణుల సమాఖ్య, క్లీనింగ్‌కు తోడుగా లేజర్ వాడవద్దని సూచించింది.

మీరు చేయవలసినది

లేజర్‌కు డబ్బు కూడిన తర్వాత చూద్దామని చికిత్స వాయిదా వేయకండి. ఈలోగా కరిగిన ఎముకను తిరిగి తెచ్చుకోవడం కష్టం. నార్కట్‌పల్లి, మహబూబ్‌నగర్‌లలోని దంత వైద్య కళాశాలల్లో చిగుళ్ళకు ప్రత్యేక విభాగాలున్నాయి. ఎవరైనా లేజర్ చేద్దామంటే, "నా చిగురు సందు ఎంత లోతుంది? గార పూర్తిగా తీశారా? లేజర్ వల్ల అదనంగా ఏం మేలు?" అని నిస్సంకోచంగా అడగండి.

చికిత్స తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్ళీ చూపించుకోండి. రోజూ రెండు పూటలా మెత్తని బ్రష్‌తో తోముకోండి. చుట్ట, బీడీ, గుట్కా మానండి. షుగర్‌ను అదుపులో ఉంచుకోండి. ఇవి లేకుండా ఏ లేజరూ పళ్ళను నిలబెట్టలేదు.